గాలి కోరని నిప్పు

నిప్పును గూర్చి మన ప్రాంతమువారికి వేఱొకరు వచ్చి బోధింప నక్కఱలేదు. గోదావరికి దక్షిణపుటొడ్డున రామగుండము, గోదావరిఖని. ఉత్తరపుటొడ్డున మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. 2016లో జిల్లాలు విభజింపబడి పేర్లు మాఱినవి గాని, పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాల క్రింద పఱచుకొనియున్న బొగ్గుపొర ఆ విభజనము నెఱుగదు. మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో పలువురి తండ్రులును తాతలును ఆ బొగ్గును త్రవ్వినవారే. రామగుండమునందలి 2600 మెగావాట్ల విద్యుత్కేంద్రమునకు రైలు వెనుక రైలుగా బొగ్గు పోవుచుండును. ఒక్క యూనిట్టు విద్యుత్తు పుట్టవలెనన్న సుమారు ముప్పాతిక కిలో బొగ్గు కాలవలెను.

మా బాపు బెల్లంపల్లి బొగ్గుబావిలో పనిచేసిరి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆయన మాటలలో బొగ్గుకంటె గాలి ప్రస్తావమే యెక్కువగా వినబడుచుండెడిది. ఈ దినము గాలి బాగున్నదనియో, ఫలానా మూల గాలి ఆడుటలేదనియో చెప్పుచుండెడివారు. బావిపై పెద్ద పంకా యొకటి రాత్రింబవళ్లు తిరుగుచు లోపలి చెడుగాలిని లాగివేయును. మంచిగాలి మఱొక దారిని లోనికి దిగును. పంకా ఆగినచో పని యాగవలసినదే. అయితే ఆ గాలియే బొగ్గునకు తగిలి తగిలి కొన్ని చోట్ల దానంతట నది వేడెక్కి రాజుకొనునట్లు చేయును. అట్టి చోట అడ్డుగోడలు కట్టి, సందులు పూడ్చి, గాలి చొరకుండ మూసివేయుదురు. కొన్నాళ్లకు లోపలి నిప్పు దానంతటదే చచ్చును. మనిషికైనను నిప్పునకైనను ఊపిరి యొక్కటే యని మా బాపు అనెడివారు. గాలి యేమాత్రమును లేకున్నను ఆఱని నిప్పొకటి కలదనియు, దానిని ఇనుప ఓడలో నుంచి సముద్రగర్భమున నడుపుచున్నారనియు చెప్పినచో ఆయన నమ్మియుందురో లేదో. నా వ్యాసము ఆ నిప్పును గూర్చియే.

దీనిని వ్రాయుటకు కారణ మొకటి కలదు. గడచిన వేసవిలో మన పూర్వవిద్యార్థి యొకని తల్లి నన్ను వెదకుకొనుచు బడికి వచ్చెను. కుమారుడు నౌకాదళమున చేరి విశాఖపట్టణమున నున్నాడు. ఏ ఓడలో పనియో యింటివారికి చెప్పడు, చెప్పరాదు కూడ. ఎవరో ఆమెతో అది అణుశక్తితో నడచు ఓడ యనియు, ఆ నిప్పు ప్రక్కనే నావికులు పండుకొందురనియు చెప్పిరట. నాటినుండి ఆమెకు నిద్ర పట్టలేదు. “సారూ, ఉన్నదున్నట్లు చెప్పుండి” అని కూర్చున్నది. ఆమెతో ఆ దినమున చెప్పినదానినే యిక్కడ కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను; మన పిల్లలలో నౌకాదళమునకు పోగోరువారు మఱికొందఱు కలరు గనుక.

యోనా ప్రవక్త మూడు దినములు మత్స్యగర్భమున నుండెనని బైబిలు పాఠములో చదివియున్నాము. పాతకాలపు జలాంతర్గాములలోని నావికుల స్థితియు ఇంచుమించుగ నట్టిదే. ఆ ఓడల యందుండునది డీజిలు యంత్రము. గాలి లేనిదే అది మండదు. కావున నీటిపై నున్నప్పుడు డీజిలును మండించి బ్యాటరీలను నింపుకొని, మునిగినప్పుడు ఆ బ్యాటరీలతో మెల్లగా కదలవలెను. వేగముగా పోయినచో కొన్ని గంటలకే, మెల్లగా పోయినచో ఒకటి రెండు దినములకు, బ్యాటరీలు వట్టిపోవును. అప్పుడు పైకి తేలుటయో, గాలిగొట్టమును నీటిపైకి చాచుటయో తప్పదు. శత్రువు కాచుకొని యుండునది ఆ గడియ కొఱకే. ఇంత ఖర్చుపెట్టి కట్టిన ఓడ, కప్పవలె మాటిమాటికి పైకి వచ్చి ఊపిరి పీల్చుకొనుచుండెడిది.

1938 డిసెంబరులో బెర్లిను నగరమున ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు యురేనియమును న్యూట్రానులతో కొట్టి చూడగా, అందు దానికంటె చాల తేలికయైన బేరియము కనబడెను. పరమాణుకేంద్రమే రెండుగా చీలినదని లీజ్ మైట్నర్ అను విదుషీమణియు, ఆమె బంధువగు ఆటో ఫ్రిష్‌యు వివరించిరి. ఒక కేంద్రము చీలినప్పుడు రెండు మూడు న్యూట్రానులు వెలువడును. అవి మఱికొన్నిటిని చీల్చును. ఈ గొలుసును మనుష్యుని చేతి క్రిందకు తెచ్చి తొలుత నడపినవాడు ఎన్రికో ఫెర్మీ, స్థలము షికాగో, తేది 1942 డిసెంబరు 2. దీనిని మనము నిప్పు అని పిలుచుట అలవాటుచేతనే. ఇందు మండునదేమియు లేదు, పొగ లేదు, ఆక్సిజను ప్రసక్తియే లేదు. వేడి మాత్రము కలదు. గాలి కొఱకు తేలక తప్పని ఓడకు ఇంతకంటె తగిన వంటచెఱకు దొరకదు.

ఎంత వేడి? ఈ లెక్కను తొమ్మిదవ తరగతి పిల్లలచే నల్లబల్లమీద చేయించితిని. మన దేశపు జలాంతర్గామి “అరిహంత్” నందలి రియాక్టరు 83 మెగావాట్ల వేడి నిచ్చునని చెప్పుదురు. ఒక్క గ్రాము యురేనియము-235 పూర్తిగా చీలినచో ఒక మెగావాటు చొప్పున ఇంచుమించు ఒక దినమంతయు వేడి యిచ్చును. చీలకయే వ్యర్థమగు కొంత భాగమును కూడ కలుపుకొనినచో, పూర్తి వేగముతో ఒక దినము నడచుటకు నూఱు గ్రాములు చాలును. యురేనియము సీసముకంటెను బరువైనది గనుక, ఆ నూఱు గ్రాములు చిన్నపిల్లవాని గుప్పెటలో దాగును. అదే వేడి బొగ్గునుండి రావలెనన్నచో సుమారు మూడువందల యేబది టన్నులు కావలెను. అనగా ఆఱు రైలు వ్యాగనులు, అదియు ప్రతిదినము. లెక్క ముగియగానే వెనుకబల్లనుండి బావిలో పనిచేయువాని కొడుకొకడు లేచి, “అట్లయిన మన బావులు మూసివేయుదురా, సారూ?” అని యడిగెను.

లెక్కకంటె ఆ ప్రశ్నయే నాకు పెద్దదిగా తోచినది. వానికి చెప్పినదేమన, బెల్లంపల్లిలో పాత బావులు మూతపడినవి బొగ్గు తఱుగుటవలనను ఖర్చు పెరుగుటవలననే గాని యురేనియమువలన కాదు. యురేనియము చౌకసరకు కాదు. ప్రకృతిలో దొరకు యురేనియమునందు వేయింట ఏడు పాళ్లే 235 రకము. ఓడలో పట్టునంత చిన్న రియాక్టరుకు ఆ పాలును ఎన్నో రెట్లు పెంచవలెను. అమెరికా నౌకాదళము నూటికి తొంబదికి మించి పెంచినదానిని వాడును. కావుననే వారి వర్జీనియా తరగతి జలాంతర్గాములకు ముప్పదిమూడేండ్లవఱకు ఇంధనము మార్చవలసిన పని లేదు. ఫ్రాన్సువారు తక్కువ పాలు గల దానితో సరిపెట్టుకొని, సుమారు పదేండ్ల కొకసారి మార్చుకొందురు. ఇట్టి ఖర్చు ఊరి దీపాలకు గిట్టుబాటు కాదు. నీటిపై తిరుగు యుద్ధనౌకలకే పలుచోట్ల గిట్టుబాటు కాలేదు: అమెరికావారు అణుశక్తితో నడచు తమ క్రూజరు ఓడలను 1990ల చివఱకు మూలపఱచిరి. నీటిపైని ఓడకు గాలి ఉచితముగా దొరకును గదా. పెద్ద విమానవాహక నౌకలు మాత్రము మిగిలినవి. జలాంతర్గామికో, దాని బ్రదుకంతయు పైకి తేలకుండుటలోనే యున్నది.

యంత్రము సంగతి. మన వంటయింటి ప్రెషరు కుక్కరును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఒత్తిడి పెరిగినకొలది నీరు ఎక్కువ వేడికి గాని మరుగదు. రియాక్టరులోని నీటిని మన గాలి యొత్తిడికి నూఱు రెట్లకు మించి అదిమి పట్టుదురు. మూడువందల డిగ్రీల వేడిలోను అది ఆవిరి కాదు. ఈ నీరు గొట్టములలో తిరుగుచు, తన వేడిని వేఱొక నీటికి ఇచ్చి వచ్చును. ఆ రెండవ నీరు ఆవిరియై టర్బైనును త్రిప్పును. టర్బైను ఓడ చక్రమును త్రిప్పును. పరమాణువును చీల్చి, యింత విద్య చేసి, తుదకు మనము చేసినది నీళ్లు కాచుటయే! రామగుండమునందు జరుగునదియు నిదియే. దాని విద్యుత్తుతోనే సముద్రజలమును శుద్ధిచేసి, చీల్చి, నావికులకు ఆక్సిజనును తయారు చేయుదురు. వారు విడిచిన బొగ్గుపులుసు గాలిని రసాయనములతో తొలగింతురు. ఇక పైకి వచ్చుటకు మిగిలిన కారణములు రెండే: తిండి అయిపోవుట, మనుష్యులు అలసిపోవుట.

యురేనియమును నీరు తినివేయకుండ లోహపు తొడుగులో నుంచవలెను. ఆ తొడుగు న్యూట్రానులను మ్రింగరాదు. ఇందుకు జిర్కోనియము తగినది. విచిత్రమేమన, ప్రకృతిలో దీనిని విడువక అంటియుండు హాఫ్నియము అను మఱొక లోహము న్యూట్రానులను ఆబగా మ్రింగును. రెంటిని వేఱుచేసినచో, మొదటిది తొడుగునకును, రెండవది రియాక్టరును అదుపు చేయు కడ్డీలకును పనికివచ్చును. సముద్రపుటిసుకనుండి జిర్కోనియమును తీసి గొట్టములు చేయు కర్మాగారము మన హైదరాబాదులోనే కలదు. 1971లో స్థాపింపబడిన న్యూక్లియరు ఫ్యూయల్ కాంప్లెక్సు అది. మన దేశపు విద్యుత్ రియాక్టరులకు ఇంధనమును అక్కడనే తయారు చేయుదురు.

ఇట్టి ఓడలలో మొదటిది అమెరికావారి “నాటిలస్”. దానికి కారకుడు హైమన్ రికోవరు అను కఠినుడైన అధికారి. ఆయన ముందుగా ఐడహో ఎడారిలో, సముద్రమునకు ఎంతో దూరమున, నేలమీదనే ఓడభాగము నొకదానిని కట్టించి, అందు రియాక్టరును నడిపించి చూచెను. 1955 జనవరి 17న నాటిలస్ అణుశక్తితో బయలుదేఱెను. 1958 ఆగస్టు 3న మంచుపలకల క్రిందుగా ఉత్తరధ్రువమును దాటెను. అచ్చట తేలి గాలి పీల్చుట యెట్లు? పీల్చవలసిన పనియే లేకపోయెను.

మన దేశమునకు ఈ సంగతి యుద్ధకాలమున దగ్గఱగా వచ్చెను. 1971 డిసెంబరు 3, 4 తేదుల నడిమి రాత్రి విశాఖపట్టణపు రేవు వెలుపల పాకిస్తాను జలాంతర్గామి “ఘాజీ” మునిగెను. అది డీజిలు ఓడ. అదే నెల నడుమ, ఎనిమిది రియాక్టరులతో నడచు అమెరికా విమానవాహక నౌక “ఎంటర్‌ప్రైజ్” బంగాళాఖాతమున ప్రవేశించెను. అది యుద్ధములో దిగలేదు. 16వ తేదిన ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. కాని అట్టి ఓడ మన సముద్రమునకు వచ్చి నిలిచిన ముచ్చట మన నౌకాదళమువారు మఱవలేదు. 1988లో సోవియట్ రష్యానుండి “చక్ర” అను అణుజలాంతర్గామిని మూడేండ్లకు అద్దెకు తెచ్చి నేర్చుకొనిరి. మదరాసుకు దక్షిణమున కల్పాక్కమునందు, రికోవరు చేసినట్లే, నేలమీద మాదిరి రియాక్టరును కట్టి 2006 నాటికి నడపిరి. 2009 జూలై 26న విశాఖపట్టణమున ప్రధానమంత్రి భార్య గురుశరణ్ కౌర్ గారు టెంకాయ కొట్టి “అరిహంత్”ను జలప్రవేశము చేయించిరి. దాని రియాక్టరు 2013 ఆగస్టు 10న రాజుకొనెను. 2016లో అది దళమున చేరెను. రెండవదగు “అరిఘాత్” 2024 ఆగస్టు 29న చేరెను. ఈ రెండును మన తెలుగురేవున కట్టబడినవని గర్వించువారు గర్వింపవచ్చును. నేనును కొంత గర్వించితిని.

అయితే ఆ తల్లికి చెప్పవలసిన అసలు మాట యింకను మిగిలియున్నది. బొగ్గుబావిలో గోడకట్టి గాలి మూసినచో నిప్పు చచ్చునని వ్రాసితిని. రియాక్టరులో కడ్డీలను దించి గొలుసును ఆపవచ్చును, క్షణములలో ఆగును. కాని చీలిన ముక్కలు ఊరకుండవు. అవి తమంతట తాము క్షయించుచు వేడి నిచ్చుచునే యుండును. ఆపిన క్షణమున, పూర్తి వేడిలో నూటికి ఆఱేడు పాళ్లు మిగులును. గంటకు ఒకటిన్నర, దినమునకు అర. తక్కువగా తోచును గాని, 83 మెగావాట్లలో ఆఱు పాళ్లనగా అయిదు మెగావాట్లు. దానికి గోడకట్టి లాభము లేదు. నీరు తిరుగుచునే యుండవలెను. నీరు తిరుగని దినము తన తొడుగును తానే కరగించుకొనును.

1961 జూలై 4న ఉత్తర అట్లాంటికు సముద్రమున సోవియట్ జలాంతర్గామి కె-19లో ఇదియే జరిగెను. చల్లార్చు నీటిగొట్టము పగిలెను. కడ్డీలు దిగి గొలుసు ఆగినను, వేడి పెరుగుచు పోయెను. ఓడలో మాఱు ఏర్పాటు లేదు. కొందఱు నావికులు రియాక్టరు గదిలోనికి వంతులవారిగా పోయి, చేతికి దొరకిన గొట్టములను అతికి క్రొత్తగా నీటిదారి కల్పించిరి. రియాక్టరు నిలిచెను. కాని కంటి కగపడని ఆ కిరణములు సోకి ఎనిమిదిమంది మూడు వారములలోపల మరణించిరి, పిమ్మట మఱికొందఱును. బావిలో చిక్కినవారికొఱకు మరల లోనికి దిగువారిని చూచిన మన పట్టణములవారికి, ఆ ఎనిమిదిమంది యెట్టివారో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ కథను కూడ ఆమెకు చెప్పితిని. ఉన్నదున్నట్లు చెప్పుమని యడిగినవారికి సగము చెప్పుట నాకు తగదు. మిగిలినదియు చెప్పితిని: నాటి కె-19 తొందరపడి కట్టిన ఓడ, అట్టి యనుభవములవలన మాఱు చల్లార్పు ఏర్పాట్లు తప్పనిసరి యయ్యెను. రియాక్టరు చుట్టును సీసము, ఉక్కు, నీరు కలిపిన దట్టమైన అడ్డు ఉండును. తనకు సోకిన కిరణముల లెక్క తెలుపు చిన్న బిళ్లను నావికుడు ధరించును. సవ్యముగ నడచు ఓడలో, సముద్రపు లోతున నున్నవానికి ఆకాశమునుండి వచ్చు కిరణములు కూడ తగులవు. మన కరీంనగరపు గుట్టల రాయిలో యురేనియము, థోరియము లేశమాత్రముగ నున్నవి. ఆ రాళ్ల నడుమ పుట్టి పెరిగిన మనకు నిత్యము కొంత సోకుచునే యున్నది. ఆమె యంతయు విని, కొంతసేపు మాటాడక, “మఱి వానికి గాలి యెట్లు, సారూ?” అని యడిగెను. ఆమె భర్తయు బావిలో పనిచేసినవాడే. నీటినుండి గాలి తయారు చేయుదురని చెప్పగానే ఆమె ముఖము తేఱుకొనెను. కిరణముల సంగతి అంత చెప్పినప్పుడు కలుగని ధైర్యము ఆ యొక్క మాటతో కలిగెను.

ఆమె యడుగనిది యొకటి కలదు. పత్రికలును తఱచుగ దీనిని వ్రాయవు. ఓడ ముసలిదైన పిమ్మట రియాక్టరును ఏమి చేయుదురు? రామగుండము బూడిదచెఱువులను మనము కంటితో చూచుచున్నాము. గాలి లేచిన దినమున ఆ బూడిద చుట్టుప్రక్కల ఊళ్లమీద పడును. అణుజలాంతర్గామి బూడిద గుప్పెడే గాని వేల యేండ్లు కాపాడవలసినది. అమెరికావారు పాత ఓడలనుండి రియాక్టరు గదులను కోసి తీసి, హాన్‌ఫర్డ్ అను చోట పెద్ద కందకములో నూటికి మించి వరుసగా పేర్చియుంచిరి. బ్రిటనువారి పాత ఓడలు ఇరువదికి పైగా రేవులలోనే దశాబ్దములు పడియున్నవి. రష్యావారి పాత ఓడలను విప్పుటకు ఇతర దేశములు ధనసహాయము చేయవలసి వచ్చెను. మన ఓడలు క్రొత్తవి. మనకు ఆ పని యింకను రాలేదు. నేడు ఆఱవ తరగతిలో నున్నవారు పెద్దవారగునప్పటికి వచ్చును.

ఓడ పేరును గూర్చి ఒక మాట. అరిహంత్ అనగా శత్రువులను చంపినవాడని వార్తలలో అర్థము చెప్పిరి. మాట కా యర్థము కలదు. కాని జైనులకు అది పూజ్యమైన పదము; క్రోధము, లోభము మొదలగు లోపలి శత్రువులను గెలిచిన జినులను వారు అట్లు పిలుతురు. మన కరీంనగరమునకు దగ్గఱనే కురిక్యాల యొద్ద బొమ్మలమ్మ గుట్ట కలదు. పదవ శతాబ్దమున, కన్నడకవి పంపని తమ్ముడగు జినవల్లభుడు ఆ గుట్టమీద జినబింబములను చెక్కించి, శాసనమును వేయించెను. అందు తెలుగు కందపద్యములు కూడ నుండుటచే తెలుగు పండితులు దానిని మిక్కిలి యాదరింతురు. చక్రేశ్వరీదేవి విగ్రహమును అక్కడ కలదు.

గడచిన చలికాలమున విద్యార్థులతో ఆ గుట్టకు పోయితిమి. రాతిమీద కన్నులు మూసి నిలిచిన జినులను చూపి, జలాంతర్గామి పేరు వీరిదే యని చెప్పితిని. లెక్క చేసిన తరగతివాడే యొకడు, “లోపలి శత్రువులను గెలిచినవాని పేరు పెట్టి, ఓడలో క్షిపణుల నెందుకు నింపిరి, సారూ?” అని యడిగెను. ఇది భౌతికశాస్త్రము కాదనియు, చరిత్ర పంతులుగారి నడుగుమనియు చెప్పితిని. చరిత్ర పంతులుగారు ప్రక్కనే యుండిరి. ఆయన నవ్వి, నిప్పు సంగతి యంతయు తెలిసినవారు సైన్సు సారే యని వానిని తిరిగి నా యొద్దకే పంపిరి.